చంద్రుడి మీద పోరాడే సైనికుడి మోటారు కవచం: లోపలి వేడి ఎటు పోవాలి?

కోట_కబుర్లు (విజయనగరం):
అందరికీ నమస్కారం. నేను రాస్తున్న పెద్ద కథ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎండ ఎన్నడూ పడని ఒక బిలంలో జరుగుతుంది. అందులో సైనికులు మోటార్లతో కదిలే లోహ కవచాలు తొడుక్కుని పోరాడతారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు పట్టి కార్లను కదలకుండా ఆపేవారన్న ముచ్చట్లు వింటూ పెరిగినవాణ్ణి కనుక, నా కథానాయకుడు కూడా వాలు మీద జారిపోతున్న రోవరును ఒంటిచేత్తో ఆపాలని నా కోరిక. మనిషితో కలిపి కవచం 300 కిలోలు ఉంటుందనుకున్నాను. బిలంలో ఉష్ణోగ్రత మైనస్ 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, మనిషి గడ్డకట్టకుండా ఎంత హీటరు పెట్టాలి? బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని రాయవచ్చు? సైన్సు చదివిన పిల్లలు చూసినా తప్పు పట్టకుండా ఉండాలి.

నాగావళి_మాస్టారు (శ్రీకాకుళం):
బాబూ, హీటరు సంగతి తరవాత. ముందు చల్లబరిచే ఏర్పాటు ఆలోచించండి. చలి మన ఒంట్లోని వేడిని లాగేసేది ప్రధానంగా గాలి ద్వారా. అక్కడ గాలి లేదు. పాదాల కింద నేలలోకి పోయే కొద్దిపాటి వేడిని మినహాయిస్తే, మిగిలినదంతా కిరణాల రూపంలోనే బయటపడాలి. కష్టపడి పనిచేసే మనిషి ఒంట్లోంచి సుమారు 400 వాట్ల వేడి వస్తుంది. కవచంలోని మోటార్లు 2,000 వాట్లు వాడుకుంటాయనుకుంటే, అందులో దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న నల్లని తలం చదరపు మీటరుకు సుమారు 460 వాట్లను మాత్రమే వెలువరించగలదు. అంటే మొత్తం 2,400 వాట్లకు అయిదు చదరపు మీటర్లకు పైగా రేడియేటరు (వేడిని కిరణాలుగా వదిలే పలక) కావాలి. దాన్ని వీపున కట్టుకుని యుద్ధం చేయడం ఎవరి తరం?

అందుకే నేటి వ్యోమగాముల సూట్లలో ఒంటికి ఆనుకుని సన్నని నీటి గొట్టాలల్లిన లోదుస్తు ఉంటుంది. ఆ నీరు మోసుకొచ్చిన వేడితో వీపు మీది పరికరంలో మంచు ఆవిరై శూన్యంలోకి పోతుంది. ఈ పద్ధతిలో మీ సైనికుడికి గంటకు మూడు, మూడున్నర కిలోల నీరు ఖర్చవుతుంది. బ్యాటరీ విషయానికి వస్తే, ఇప్పటి మంచి లిథియం బ్యాటరీ కిలోకు సుమారు 250 వాట్ అవర్లు ఇస్తుంది. నలభై కిలోలు మోస్తే 10,000 వాట్ అవర్లు, అంటే 2,000 వాట్ల మోటార్లకు అయిదు గంటలు వస్తుంది.

ఇక రోవరును ఆపే ఘట్టం. రామ్మూర్తి గారి బలమెంత గొప్పదైనా, ఆయన పాదాలు నేలను పట్టి ఉంచినంత మేరకే అది పనికి వచ్చింది. చంద్రుడి మీద బరువు ఆరో వంతు కనుక ఆ పట్టు కూడా ఆరో వంతే. రోవరు ద్రవ్యరాశి మాత్రం రవ్వంత కూడా తగ్గదు. మీ కథానాయకుడి చెయ్యి గెలుస్తుంది, కాళ్లు జారిపోతాయి. పరుగెత్తుతున్న అతను తనను తాను ఆపుకోవాలన్నా నాలుగైదు అడుగుల ముందే సిద్ధపడాలి.

బూమ్_సిలిండర్ (రాజాం):
మాస్టారు చెప్పిన లెక్కకు పని చేసేవాడిగా నేను కొంత చేర్చగలను. ప్రొక్లెయిన్లు బాగుచేయడం నా వృత్తి. వాటి చేతిని నూనె ఒత్తిడితో కదిలించే సిలిండరు రాడ్డు మీద గోటికి తగిలీ తగలనంత గీత పడినా చాలు, రాడ్డు లోపలికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ నూనెను ఆపే సీలు కొంచెం కొంచెంగా కోసుకుపోయి, నూనె సన్నని చెమటలా పైకి తేలుతుంది. ఆ తడికి దుమ్ము అంటుకుని గీత ఇంకా లోతవుతుంది. చంద్రుడి ధూళిని అరగదీసే గాలీ నీరూ లేవు కాబట్టి ప్రతి రేణువూ గాజుపెంకులా పదునుగానే ఉంటుంది. 1972లో అపోలో 17 వ్యోమగాముల చేతి తొడుగుల పైపొరలు మూడు రోజుల పనికే అరిగిపోయాయి. కనుక బయటికి కనిపించే రాడ్లు వద్దు. ఆ చలికి నూనె కూడా రాయిలా గడ్డకడుతుంది. కీళ్ల లోపల మూసి ఉంచిన విద్యుత్ మోటార్లు పెట్టండి.

ఇంకొకటి, బలం కన్నా అదుపు కష్టం. 1960లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారు హార్డిమాన్ అనే యంత్ర కవచం కట్టారు. అదే సుమారు 680 కిలోల బరువు, అంత బరువునే ఎత్తాలన్నది లక్ష్యం. మొత్తం యంత్రాన్ని ఒకేసారి నడపబోతే అదుపు లేకుండా ఊగిపోయేది. లోపల మనిషిని ఉంచి దాన్ని నడిపే సాహసం ఎవరూ చేయలేదు. చివరికి ఒక చెయ్యి మాత్రమే సవ్యంగా పనిచేసింది, అదీ సగం బరువుకే. మనిషి కదలికకూ యంత్రం కదలికకూ మధ్య క్షణకాలం ఆలస్యమైనా, లోపలి ఎముకలు విరుగుతాయి. మోకాలు వెనక్కి వంగకుండా గట్టి ఇనుప అడ్డు ఉందని కథలో ఒక్క వాక్యమైనా రాయండి.

వంశధార_గట్టు (నరసన్నపేట):
కోట కబుర్లు గారికి, మాస్టారి లెక్కలోనే మీ కథకు కావలసిన ఉత్కంఠ ఉందని నాకు అనిపిస్తోంది. అంత చల్లని బిలంలో వెచ్చని కవచం, వేడిని చూడగల పరారుణ కెమెరాకు దీపంలా కనిపిస్తుంది. దాక్కోవాలంటే రేడియేటరు మూసెయ్యాలి, ఆవిరి వదలడం ఆపాలి. అప్పుడు వేడంతా లోపలే పేరుకుంటుంది. సుమారు తొమ్మిది కిలోల మంచుగడ్డను కవచంలో దాచుకుంటే, అది కరిగే ఇరవై నిమిషాలూ 2,400 వాట్లను మింగుతుంది. ఆ తరవాత సైనికుడు మోటార్లు ఆపి కదలకుండా పడి ఉండాలి, లేదా శత్రువుకు కనిపించాలి. కరిగిన నీటిని పారబోయనక్కరలేదు, ప్రమాదం తప్పాక ఆవిరిగా వదిలి మళ్లీ చల్లబడవచ్చు.

కోట_కబుర్లు:
మాస్టారికీ, మీ ఇద్దరికీ ఎన్నో ధన్యవాదాలు. హీటరు తీసేసి మంచుగడ్డ పెడుతున్నాను. మూడో అధ్యాయం మొత్తం ఆ ఇరవై నిమిషాల మీదే నడుపుతాను. రోవరు ఘట్టాన్ని మాత్రం వదులుకోలేను. మడమలోంచి పొడవాటి మేకు నేలలోకి దిగి, దానికి కట్టిన కేబుల్‌తో రోవరును ఆపితే కుదురుతుందా?

నాగావళి_మాస్టారు:
కుదురుతుంది బాబూ. పైన కొన్ని అంగుళాల ధూళి వదులుగా ఉన్నా, కింద మట్టి గట్టిగా బిగిసి ఉంటుంది. 1971లో అపోలో 15 వ్యోమగాములు నేలలోకి దింపిన డ్రిల్లు గొట్టం ఎంతగా బిగుసుకుపోయిందంటే, దాన్ని పైకి లాగడానికి ఇద్దరూ భుజాలు పెట్టి ఎత్తవలసి వచ్చింది. అందువల్ల మేకును తిరిగి పీకుతున్నట్టు రాయకండి. దాన్ని అక్కడే వదిలేసి, మడమ దగ్గర కొక్కెం విప్పుకుని ముందుకు సాగేలా చూడండి. అలాంటి మేకులు కవచంలో రెండు మూడే ఉన్నాయని ముందే చెప్పి ఉంచండి.