కంటిలోన నలుసా, నలకా? జెట్టులో పడినదాన్ని ఏమనాలి?

కావలి నుంచి, ప్రశ్న:
మా తమ్ముడి డర్ట్ బైకు కార్తీకం వానల్లో రెండు నెలలపాటు వసారాలో కదలకుండా ఉండిపోయింది. చోకు లాగి ఉంచినంతసేపు ఇంజను ఆడుతుంది, చోకు తోసేసిన మరుక్షణం ఆగిపోతుంది. నిన్న ఇద్దరం కూర్చుని కార్బురేటర్ విప్పాము. పైలట్ జెట్టును, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కను, వేళ్ల మధ్య పట్టుకుని ఆకాశానికెత్తి చూస్తే, అవతలి వెలుగు కనిపించవలసిన చోట ఏమీ కనిపించలేదు. పక్కనే కూర్చున్న మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, ‘కంటిలోన నలక, కాలి ముల్లు’ అని వేమన పద్యం అందుకున్నది. నేను బళ్లో నేర్చుకున్నది ‘కంటిలోన నలుసు’. అమ్మ కనిగిరి వైపు చదువుకున్న మనిషి, పద్యం తప్పు చదవదు. ఏది సరైన పాఠం? ఇంకొక సంగతి కూడా ఉంది. మా ఊరి మెకానిక్కులు జెట్టులో ‘నలక పడింది’ అంటారే గాని, ‘నలుసు పడింది’ అనగా నేను ఎన్నడూ వినలేదు.

నెల్లూరు నుంచి:
ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. నలుసు అన్నా నలక అన్నా మూడు లఘువులే, నగణం చెడదు. రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ‘కంటి’కీ ‘కాలి’కీ మధ్య కుదిరింది. మనం తగవులాడుతున్న మాట మూడో గణంలో ఉన్నది కాబట్టి యతి దాని జోలికి రాదు. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. ‘లోన’, ‘లోని’ అన్న తేడా కూడా ఇటువంటిదే, రెండూ హగణాలే (గురువు, లఘువు). కనుక అర్థాన్నిబట్టే తేల్చుకోవాలి, నేను నలుసు పక్షాన నిలబడతాను. ‘కడుపులో నలుసు పడింది’ అంటాము, అక్కడ నలక అని ఎవరూ అనరు. నలుసు అంటే అంతకంటే చిన్నది లేదన్నంత చిన్నది. ఇంతింతగాదయా అని చివర చెప్పబోయే కవికి ముందు కావలసింది ఆ చిన్నతనమే.

చీమకుర్తి నుంచి:
అయ్యా, మీరు ఒక్క మాటనే చూస్తున్నారు, ఆ మాట కూర్చున్న వరుసను చూడటం లేదు. చెప్పులో రాయి, చెవిలో జోరీగ, కాలిలో ముల్లు. వీటి మధ్యన వచ్చేది కూడా బయటినుంచి వచ్చి లోపల బాధపెట్టేదే అయి ఉండాలి. నలకలో గరుకుతనం ఉన్నది, నలగగొట్టగా రాలినది నలక అని నా ఊహ. గ్రానైటు క్వారీల పక్కన బళ్లు నడిపే మాకు ఆ మాట ఒంటికి తెలుసు. మా ఎయిర్ ఫిల్టరు స్పాంజిని కిరసనాయిలులో ముంచి పిండితే గిన్నె అడుగున బూడిదరంగు రాతిపొడి పేరుకుంటుంది, వేలితో రాస్తే గరగరమంటుంది. దాన్ని నలుసు అనబుద్ధి కాదు. (స్పాంజిని మెలిపెట్టి పిండకండి, చిరుగుతుంది. అరచేతుల మధ్య నొక్కి, సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే ఫిల్టరు నూనె పట్టించండి.)

కందుకూరు నుంచి:
ఇద్దరూ పద్యాన్ని గురించి బాగానే చెప్పారు. అయితే ప్రశ్న అడిగినవారి జెట్టులో ఉన్నది నలుసూ కాదు, నలకా కాదు. రెండు నెలలు నిలబడిన బండిలో పెట్రోలు ఆవిరై, అడుగున మిగిలిన జిగురు గట్టిపడి ఆ రంధ్రాన్ని మూసింది. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరుకన్నా సన్నం, దాన్ని మూయడానికి బయటినుంచి ఏదీ వచ్చి పడనక్కరలేదు. చోకు లాగితే పెట్రోలు వేరే దారిన అదనంగా అందుతుంది కాబట్టి ఇంజను ఆడుతున్నది. దీనికి మన చెరువుల మాట ఉండనే ఉన్నది: జెట్టు ‘పూడింది’. నలక పడితే ఊదితే పోతుంది, పూడితే పూడిక తీయాలి. మాట తప్పితే పని కూడా తప్పుతుంది. నలక అనుకున్నవాడు గుండుసూది పెట్టి పొడుస్తాడు, జెట్టు మెత్తని ఇత్తడి గనుక రంధ్రం వెడల్పయి బండి ఇక ఎప్పటికీ సరిగా ఆడదు. క్లీనరు కొట్టి గంటసేపు నానబెట్టండి, తరువాత నైలాను పోగు దూర్చి గాలి కొట్టండి. రబ్బరు రింగులను ముందే తీసి పక్కన పెట్టుకోండి. గాలి స్క్రూను విప్పేముందు పూర్తిగా లోనికి తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి. క్లీనరు ఒక రంధ్రంలో కొడితే మరొక రంధ్రంనుంచి కంట్లోకే చిమ్ముతుంది కనుక కళ్లద్దాలు తప్పనిసరి.

నెల్లూరు నుంచి:
పూడిక మాట చక్కగా ఉన్నది, కాని అది వేమన పద్యంలో లేదు. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికే అవి తాటాకుల మీదా జనం నోళ్లలోనూ రకరకాలుగా తిరుగుతున్నవి, కనుక నలకను నేను తప్పు అనను. ఇటువంటి చిన్న తెలుగు మాటల విలువ తెలియాలంటే మా తిక్కన దగ్గరికి వెళ్లాలి. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు నడిపిన ఆ మహాకవి, ఎంత పెద్ద సన్నివేశంలోనైనా ఇంట్లో వాడుకునే మాటకు చోటు పెట్టాడు. ఒక మాట తీసి దాని అర్థానికే చెందిన మరొక మాట పెట్టి చూడండి, పద్యం వెలవెలబోతుంది. నలుసు తీసి నలక పెట్టినప్పుడు నాకు కలిగేది అదే.

ఒంగోలు నుంచి:
తిక్కనకు చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే పాఠం అతకడం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మా ఎర్రనను వదిలివేయడం న్యాయం కాదు. భారతంలో నన్నయ శరద్రాత్రుల వర్ణనతో ఆగిన చోట, ఎర్రన శరత్కాలపు ఉదయంతో ఎత్తుకున్నాడు. రాత్రి తరువాత తెల్లవారినంత సహజంగా ఉన్న ఆ అతుకు దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను. మాట మారినా ధార తెగకపోవడం గొప్ప అని ఆయన చూపించాడు. ఆ లెక్కన కనిగిరి అమ్మగారి నలక కూడా పద్యంలో చక్కగా అతికిందనే నేను అంటాను.

కావలి నుంచి:
అందరికీ నమస్కారాలు. కందుకూరు వారు చెప్పినట్టే నానబెట్టాము. నైలాను పోగు కోసం పాత చేపల వల పోగు ఒకటి తుంచి వాడాము. ఈసారి జెట్టును ఎత్తి చూస్తే సన్నని గుండ్రని వెలుగు కనిపించింది. బండి చోకు లేకుండా ఆడుతున్నది. అయితే కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే ఫ్లోటు గిన్నె అడుగున నాలుగు ఇసుక రేణువులు కూడా దొరికాయి, సరుగుడు తోటల్లో నడిపిన ఇసుకే అయి ఉంటుంది. అమ్మకు చూపిస్తే, ‘నేను ముందే చెప్పలేదా, నలక’ అన్నది. చీమకుర్తి వారు ఈ రేణువులను ఏ లెక్కలో వేస్తారో చెప్పాలి. నెల్లూరు వారి దగ్గర పాత ప్రతి ఏదైనా ఉంటే ఆ పాదం ఒక్కటి చూసి రాయవలసిందిగా కోరుతున్నాను.