బైపాస్‌కు ‘పక్కదారి’ సరిపోతుందా?

బైపాస్‌ను తెలుగులో ‘పక్కదారి’ అంటే చాలదా అని నిన్న ఒకరు అడిగారు. చాలదనే నేనంటాను.

మొన్న తిరుపతి బస్సులో నా పక్క సీటు పెద్దావిడ ఫోన్‌లో చెబుతోంది: “మా అన్నకు బైపాస్ అయి నెల కాలేదు, అప్పుడే చేని కాడికి పోతానంటాడు.” అంతలో కండక్టర్ “బైపాస్ దిగేవాళ్లు ముందుకు రాండి” అని కేకేశాడు. ఆమె ఫోన్ చెవిన పెట్టుకునే సంచి తీసుకొని దిగిపోయింది. మాట ఒకటే, తేడా చెప్పేది మన విభక్తులూ క్రియలూ. ‘అన్నకు బైపాస్ అయింది’ అంటే గుండె. ‘బైపాస్‌లో పోదాం’ అంటే రోడ్డు. ‘నన్ను బైపాస్ చేసి పైఆఫీసరు దగ్గరికి పోయినాడు’ అంటే అవమానం. మీటర్‌ను బైపాస్ చేస్తే కరెంటు దొంగతనం.

ఇంగ్లీషులో ఈ మాటను 19వ శతాబ్దంలో గ్యాస్ గొట్టాలకు వాడేవారు. 1920ల నాటికి రోడ్లకు వచ్చింది, గుండె ఆపరేషన్‌కు ఆ తర్వాత. అన్నిట్లోనూ లోపలి అర్థం ఒకటే. అడ్డును తీయరు, దాన్ని అట్లాగే ఉంచి పక్క నుంచి పోనిస్తారు. గుండెలో పూడిన రక్తనాళం అక్కడే ఉంటుంది. కాలి నుంచో ఛాతీ నుంచో తీసిన నాళంతో దాన్ని దాటించి రక్తానికి కొత్త దోవ వేస్తారు.

మన ‘పక్కదారి’లో ఈ అర్థం లేదు. పిల్లవాడు పక్కదారి పట్టాడంటే చెడిపోయాడని, నిధులు పక్కదారి పట్టాయంటే ఎవరో తినేశారని. అడ్డదారి, దొడ్డిదారి ఇంకా ఘోరం. చుట్టుదారికి ఆ మచ్చ లేదు కానీ, అందులో ఆలస్యం ఉంది. బైపాస్ వేసేదే తొందరగా పోవడానికి.

బోర్డు మీద రాయాలంటే నాకు ‘ఉపమార్గం’ నచ్చుతుంది. బై ఎలక్షన్‌ను ఉప ఎన్నిక చేసుకున్నాం కదా, సంస్కృతంలో ఉప అన్నా దగ్గర, పక్క అనే. (బైలాలో ‘బై’ మాత్రం వేరు. అది స్కాండినేవియా నుంచి వచ్చిన మాట, అర్థం ఊరు. ఇంగ్లండ్‌లోని డెర్బీ అనే ఊరి పేరు చివర ఉన్నదీ అదే.)

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డును మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఆ ‘ఎయిర్’ గాలి కాదు, ఆలిండియా రేడియో. ఇప్పుడు ఆ రోడ్డుకు అటూ ఇటూ ఊరే. అక్కడ బైపాస్ అర్థం పోయి, ఉత్త పేరుగా మిగిలింది.

పలమనేరు, కుప్పం వైపు ఊళ్లోకి రాకుండా పోయే బండిదోవకు పాత పేరేదైనా ఉంటే రాయండి.