రెండు నీలి పట్టెలు, పేరు చెప్పని నది

ఇజ్రాయెల్ జెండా మీది రెండు నీలి గీతలు నైలు, యూఫ్రటీసు నదులకు గుర్తులన్న అనువాద వాక్యాన్ని యథాతథంగా ఉంచవచ్చా అన్నది ప్రశ్న. ఉంచకూడదని నా అభిప్రాయం. అది యాసర్ అరాఫత్ వంటి పాలస్తీనా నాయకులు చేసిన ఆరోపణ కాబట్టి, 'గుర్తులు' అని తేల్చి చెప్పకుండా 'గుర్తులని ఆరోపించారు' అని రాయాలి.

'గీతలు' అన్న మాట కూడా అక్కడ కుదరదు. 1948 అక్టోబరు 28 నాటి ప్రకటన ప్రకారం 220 సెంటీమీటర్ల పొడవు, 160 సెంటీమీటర్ల వెడల్పు గల తెల్లని జెండా మీద ఒక్కొక్కటి 25 సెంటీమీటర్ల వెడల్పున ఉన్నవాటిని గీతలనలేము. పైనా కిందా 15 సెంటీమీటర్లు వదిలి వేసినవి గనుక అంచులనీ అనలేము. 'పట్టెలు' సరైన మాట. యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టు ఉద్యమం 1897లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో జరిపిన మహాసభ కోసం ఆ ఉద్యమ నాయకుడు డేవిడ్ వుల్ఫ్‌సన్ ఈ రూపాన్ని ఎంచుకున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది యూదులు ప్రార్థనవేళ కప్పుకొనే చారల శాలువా.

మరి నదుల మాట ఎక్కడిది? బైబిలులోని ఆదికాండము 15వ అధ్యాయంలో యూదుల మూలపురుషుడైన అబ్రాము సంతానానికి దేవుడు వాగ్దానం చేసిన భూమి 'ఐగుప్తు నది' (ఐగుప్తు అంటే ఈజిప్టు) నుంచి యూఫ్రటీసు వరకు. హీబ్రూలో అక్కడున్న పదం 'నహర్', అంటే నది. బైబిలులోనే సంఖ్యాకాండము 34లో సరిహద్దు చెప్పేచోట మాత్రం 'నహల్', అంటే వాన పడితే పారే వాగు. ఈ వాగును పలువురు పండితులు ఈజిప్టు సినాయి ద్వీపకల్పంలోని వాదీ అల్ అరీష్‌గా గుర్తిస్తారు. రెండింటినీ 'నది' అనేస్తే సరిహద్దు నైలుదాకా జరిగి, సినాయిలో అధిక భాగం లోపలికి వచ్చేస్తుంది. తెలుగులో వాగు అన్న చక్కని మాట ఉండగా ఆ తేడాను చెరపడమెందుకు?

అరబ్బుల అనుమానం ఊరికే పుట్టిందనీ అనలేము: ఇర్గున్ అనే యూదుల సాయుధ సంస్థ చిహ్నంలోని పటంలో జోర్డాన్ నది రెండు గట్లూ, అంటే నదికి తూర్పున ఉన్న నేల కూడా, ఉండేవి. పాలస్తీనీయుల 'నది నుంచి సముద్రం దాకా' నినాదంలోని నదీ జోర్డానే, సముద్రం మధ్యధరా. ఆ రెంటి నడుమ ఇజ్రాయెల్ సార్వభౌమాధికారం మాత్రమే ఉంటుందని 1977 నాటి ఇజ్రాయెల్ లికుడ్ పార్టీ ప్రణాళిక కూడా అన్నది. నినాదంలో నదికి పేరు లేదు కనుక అనువాదంలోనూ చేర్చకుండా, పక్కన వివరణగా ఇవ్వడం మేలు.