అప్‌డేట్: 108 ఉద్యోగం నుంచి ఎంబీబీఎస్‌కు

108 అంబులెన్సులో ఈఎంటీగా (అత్యవసర వైద్య టెక్నీషియన్‌గా) పనిచేస్తున్నానని, ముప్పై దాటాక నీట్ రాయవచ్చా అని గతంలో అడిగాను. రాయవచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు. ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండడం కలిసొచ్చింది. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది, చేరాను!

అంబులెన్సు అనుభవానికి ప్రవేశాల్లో ఒక్క మార్కు కూడా కలవదు. ఆ ఆశ పెట్టుకోవద్దు. 720 మార్కుల్లో జీవశాస్త్రానికే 360. నేను నిలబడింది అక్కడే. భౌతికశాస్త్రం మాత్రం ఏడిపించింది. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి తెలియనివి వదిలేయడం సాధన చేశాను.

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే మీద రక్తస్రావం ఆపి, ఆక్సిజన్ పెట్టి, నల్గొండలో ఆసుపత్రి గుమ్మం దగ్గర క్షతగాత్రుణ్ణి అప్పగించి వెనుదిరిగేవాణ్ణి. లోపల ఏమి జరిగిందో తెలిసేది కాదు. ఆ తలుపు అవతల ఉండాలన్నదే నా కోరిక. ఇప్పుడు అనాటమీ తరగతిలో తొడ ధమనిని చూస్తుంటే, రోడ్డు మీద ఎక్కడ నొక్కి పట్టేవాణ్ణో చేతికే గుర్తొస్తోంది.

డబ్బు సంగతి అడిగినవారికి: నాలుగున్నరేళ్లు జీతం ఉండదు, ఆ తరువాతి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుంది. ఉద్యోగం మానే ముందు ఇంట్లో ఈ లెక్క తేల్చుకోండి. మా ఆవిడ మిర్యాలగూడలో టీచరు. ప్రస్తుతం ఇల్లు ఆమె జీతంతోనే నడుస్తోంది.