రోమ్‌లో సాయంత్రం వైన్ టేస్టింగ్, డిన్నర్ టూర్: వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి

రంగనాయకులపేట:
అందరికీ నమస్కారం. అక్టోబర్ మొదట్లో మావారు, నేను గ్రూప్ టూర్‌లో యూరప్ వెళ్తున్నాం. ఫ్లైట్ చెన్నైలో ఎక్కుతాం. రోమ్‌లో ఒక శనివారం మధ్యాహ్నం నుంచి మీ ఇష్టం అని వదిలేశారు. మావారు నెట్‌లో వెతికి ఒక టూరు పట్టుకున్నారు. ఫ్రాస్కాటి అనే ఊరికి తీసుకెళ్ళి, ద్రాక్షతోట చూపించి, నాలుగైదు రకాల వైన్ రుచి చూపించి, అక్కడే రాత్రి భోజనం పెడతారంట. మనిషికి వంద యూరోల పైమాటే. ఆయన ఎప్పుడైనా పెళ్ళిళ్ళలో ఒక పెగ్గు తీసుకునే మనిషి. నేను అసలు ముట్టను. పైగా శనివారం మేం నీచు తినం. తాగనివాళ్ళు అక్కడ కూర్చుంటే వింతగా చూస్తారా? తినడానికి ఏమన్నా దొరుకుతుందా? రాత్రిపూట హోటల్‌కి చేరడం ఎట్టా? ఇంతకీ అంత డబ్బు పెట్టొచ్చా?

కావలి_టు_రోమా:
అక్కా, నేను రోమ్‌లోనే ఎమ్మెస్ చేశాను. ఫ్రాస్కాటి అక్కడికి ఆగ్నేయంగా ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. ఆ చుట్టుపక్కలవి ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల కొండలు. ఆ మట్టిలో మాల్వాసియా, ట్రెబ్బియానో అనే తెల్ల ద్రాక్ష బాగా పండుతుంది, అందుకే అక్కడ పేరున్నది తెల్ల వైన్‌కే. ఎర్ర వైన్ కోసమే అయితే ఆ ఊరు కాదు. 1966లోనే ఫ్రాస్కాటి పేరుకి అక్కడి చట్టం గుర్తింపు ఇచ్చింది, అంటే వేరే ప్రాంతం సరుకుని ఆ పేరుతో అమ్మకూడదు. కన్నెల్లినో అని తియ్యటి రకం ఒకటుంది, చివర్లో పోస్తారు.

అన్నిటికన్నా ముందు టూరు ఎన్నింటికి మొదలవుతుందో చూడండి. అక్టోబర్ మొదట్లో రోమ్‌లో పొద్దు ఆరూముప్పావుకే గూకుతుంది. నాలుగింటికి బయల్దేరేదైతే తోట, కొండ మీద నుంచి రోమ్ నగరం, అన్నీ వెలుతురులో చూస్తారు. ఏడింటికి బయల్దేరే దానికీ అంతే డబ్బు తీసుకుని చీకట్లో తోట చూపిస్తారు. ఫొటోలన్నీ పగటివే పెడతారు, అదీ వాళ్ళ తెలివి.

తాగనివాళ్ళ సంగతి అసలు టెన్షన్ పడొద్దు. గ్లాసు మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి గ్రాత్సియే (థాంక్స్) అంటే చాలు, బలవంతం చెయ్యరు. మన పెళ్ళి భోజనంలో వడ్డించేవాళ్ళకంటే వాళ్ళే నయం.

బిట్రగుంట_లోకో:
వంద యూరోలంటే మన డబ్బుల్లో ఎంతో ఒకసారి లెక్క వేసుకోండమ్మా, ఇద్దరికి. రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి ఫ్రాస్కాటికి నేరుగా లోకల్ ట్రైన్ ఉంది. అరగంట ప్రయాణం. టికెట్టు రెండు మూడు యూరోలు. నేను మా అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు అట్టానే వెళ్ళాను. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గర మెషిన్‌లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైన్ వేస్తారు. రాత్రి ఆఖరి బండి ఎప్పుడో ముందే చూసుకుని పోండి. ఊళ్ళో నడుచుకుంటూ తిరిగి, నచ్చిన చోట కూర్చుని తిని రావడానికి గైడెందుకు?

కావలి_టు_రోమా:
బాబాయ్ చెప్పింది చదువుకునే రోజుల్లో మేం చేసిన పనే. అక్కడ ఫ్రస్కెట్టా అని పాత తరహా వైన్ కొట్లు ఉంటాయి. ఒకప్పుడు వాటిలో వైన్ మాత్రమే అమ్మేవాళ్ళు, తినేది మనమే బయట కొని పట్టుకెళ్ళి బల్ల మీద పరుచుకోవాలి. ఇప్పుడు చాలావాటిలో తిండి కూడా పెడతారు. చవగ్గా అయిపోతుంది. కానీ బాబాయ్, తోటలోకి, నేల కింద తొలిచిన సెల్లార్లలోకి మనల్ని ఊరికే రానివ్వరు కదా, దానికి ముందే మాట్లాడుకుని ఉండాలి. భాష కూడా సమస్యే. కొత్తవాళ్ళకి, అందులో ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్ళకి, గైడు ఉండటం మేలని నా అభిప్రాయం.

చీమకుర్తి_గెలాక్సీ:
నాది గ్రానైట్ వ్యాపారం. సెప్టెంబర్‌లో ఇటలీలోనే వెరోనా అనే ఊళ్ళో రాళ్ళ ఎగ్జిబిషన్ జరుగుతుంది, మా ఊరివాళ్ళు చాలామంది వెళ్తుంటారు. అక్కడి బయ్యర్లు సాయంత్రం మమ్మల్ని వాల్పొలిచెల్లా కొండల్లో ఇలాంటి టూరుకే తీసుకెళ్ళారు. అమరోనే అని అక్కడి ఖరీదైన ఎర్ర వైన్. ద్రాక్ష కోశాక వెంటనే పిండరు. గాలి ఆడే అటకల మీద తట్టల్లో మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. నీరు తగ్గి, తీపి చిక్కబడ్డాక అప్పుడు పిండి పులియబెడతారు. పొగాకు బ్యారన్లు చూసిన కళ్ళకి ఆ అటకలు కొత్తగా అనిపించలేదు. అందులో ఆల్కహాల్ 14 శాతం పైనే ఉంటుంది, తెలియకుండా ఎక్కుతుంది.

అసలు చెప్పొచ్చేది తిండి గురించి. భోజనంలో ముదురు రంగు మాంసం కూర ఒకటి వచ్చింది. ఘుమఘుమలాడుతోంది. మా పక్కన కూర్చున్న పెద్దాయన గరిటె పెట్టబోతూ ఇదేంది అని అడిగితే గుర్రం మాంసం అన్నారు. వెరోనాలో అది పాతకాలం నుంచీ ఉన్న వంటకం, వాళ్ళకి గొప్ప మర్యాద. మా బల్ల మీద అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఏ ఊళ్ళో అయినా నేను ముందు మెనూ రాతపూర్వకంగా తెప్పించుకుంటున్నాను. రోమ్ వైపు గుర్రం బెడద అంతగా ఉండదు గానీ పంది ఎక్కువ. ఎద్దు మాంసం కూడా పెడతారు. ఫ్రాస్కాటి పక్కన అరిచ్చా అనే ఊరు పోర్కెట్టాకి ప్రసిద్ధి, అంటే మూలికలు కూరి కాల్చిన పంది. టూర్ల వాళ్ళు పళ్ళెంలో మొదట పెట్టేది అదే.

రంగనాయకులపేట:
గుర్రమా! మావారికి చదివి వినిపించాను, పాస్తాతో సరిపెట్టుకుంటానన్నారు. పాస్తాలో అయితే ఏం ఉండదు కదా?

కావలి_టు_రోమా:
ఉంటుందక్కా. కార్బొనారా, అమత్రిచానా రెండిట్లోనూ పంది బుగ్గ మాంసం వేస్తారు, చిన్న ముక్కలు కాబట్టి కనపడదు. కాచొ ఎ పేపె అనే పాస్తా అడగండి, జున్ను, మిరియాలు తప్ప ఏమీ ఉండదు. అందులో వేసే పెకోరినో జున్ను మాత్రం గొర్రెపాలని గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన ఎంజైమ్‌తో విరిచి చేస్తారు. శనివారం నియమం అంత గట్టిగా పాటించేట్టయితే టమాటా బ్రుస్కెట్టా (కాల్చిన రొట్టె మీద టమాటా ముక్కలు), కాల్చిన కూరగాయలు చెప్పుకోండి. వైన్‌లో ముంచుకు తినే చిన్న రింగు బిస్కట్లు చివర్లో ఇస్తారు, చాంబెల్లినె అంటారు. వాటి పిండిలోనూ వైన్ కలుపుతారు, మీకు పట్టింపుంటే వదిలెయ్యండి.

కందుకూరు_కబుర్లు:
శనివారం మాంసం ముట్టరు గానీ మందు ముట్టొచ్చా వదినా? 😀

రంగనాయకులపేట:
మావారి లెక్కలో ద్రాక్షపండు శాకాహారమే!

గూడూరు_జంక్షన్:
అంకుల్‌కి చేదువార్త చెప్పాలి. నేను బెంగళూరులో హోటల్లో వైన్ సర్వీస్ చూస్తాను. వైన్‌లో మడ్డి తేరుకోవడానికి కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, చేప గాలితిత్తిలోంచి తీసిన జిగురు వాడతారు. అవి అడుగుకి దిగాక వైన్ పైకి తోడేస్తారు, కానీ వాడటం వాడతారు. ఇప్పుడు బంకమట్టితో తేర్చేవాళ్ళూ చాలామందే ఉన్నారు. వీగన్ అని సీసా మీద ఉంటే ఆ గొడవ లేనట్టే.

ఆంటీ, మీరు తాగకపోయినా టేస్టింగ్‌లో సగం పని మీరూ చెయ్యొచ్చు. రుచిలో చాలా భాగం ముక్కుదే. గ్లాసు కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పి వాసన చూడండి. నిమ్మ, పచ్చి యాపిల్, బాదం, ఏదో ఒకటి తగులుతుంది. ఆ సాయంత్రం సెంటు, మల్లెపూలు వద్దు, మీకే కాదు పక్కవాళ్ళకీ ఏ వాసనా తెలియదు. అంకుల్ కూడా ప్రతిదీ మింగనక్కర్లేదు. బల్ల మీద ఉమ్మడానికి పాత్ర పెడతారు, అది మర్యాద తక్కువ పనేం కాదు, వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఉమ్ముతారు. లేకపోతే ఐదు రకాలకి రెండు నిండు గ్లాసులు లోపలికి పోయినట్టే, భోజనంలో పోసేది దాని మీద అదనం. ఒక్కో రకానికి మధ్యలో నీళ్ళు తాగమనండి.

మందుల_బీరువా:
ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అంకుల్‌కి షుగర్ మాత్రలేమైనా ఉన్నాయా? నాకు ఒంగోలులో మెడికల్ షాపుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఖాళీ కడుపున తాగితే షుగర్ బాగా పడిపోవచ్చు. ఈ టూర్లలో టేస్టింగ్ ముందు, భోజనం ఎప్పుడో తర్వాత. చెమటలు పట్టి, మాట తడబడితే చుట్టూ ఉన్నవాళ్ళు తాగింది ఎక్కువైందనుకుంటారు, అదీ ప్రమాదం. బయల్దేరేముందు మీ డాక్టర్‌ని అడగండి. హోటల్లో ఏదన్నా తిని వెళ్ళమనండి, మీ బ్యాగులో గ్లూకోజ్ బిళ్ళలు వేసుకోండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కోర్సులో ఉంటే ఆ సాయంత్రం అసలు వద్దు.

రంగనాయకులపేట:
షుగర్ ఉందండీ, గ్లిమెపిరైడే. చాలా మంచి మాట చెప్పారు. రేపే డాక్టర్ గారికి ఫోన్ చేస్తాం.

కొత్తపట్నం_గాలి:
మేం అంత దూరం పోలేదు, నాసిక్ వెళ్ళాం. ముంబై నుంచి ప్యాకేజీ మాట్లాడుకున్నాం, కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. సాయంత్రం టేస్టింగ్, తోట పక్కన డిన్నర్ అన్నారు. తీరా వెళ్తే రోడ్డు మీద ట్రాఫిక్‌లోనే పొద్దు పోయింది, డిన్నర్ అంటే ఊరు బయట ఒక ధాబాలో చల్లారిన బఫే. వ్యాన్ డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. సూలా అనే వైన్ కంపెనీ తోటలో టేస్టింగ్ మాత్రం బాగా చూపించారు, అక్కడి పిల్లలు ఓపిగ్గా చెప్పారు. మా ఆవిడ ముట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత తెలిసింది, రాత్రి అక్కడే ఉండేట్టు గది తీసుకుని వెళ్ళేవాళ్ళే హాయిగా ఉంటారని.

ఇక్కడ చదివేవాళ్ళలో నాసిక్ పోదామనుకునేవాళ్ళుంటే ఒక్క మాట. మన దగ్గర వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు, యూరప్‌లో లాగా సెప్టెంబర్‌లో కాదు. వానలు తప్పించుకోవడానికి కొమ్మలు కత్తిరించే కాలాన్నే మార్చుకున్నారు. అందుకని అందరూ జనవరి సెలవులు చూసుకుని పరిగెడతారు. 26న డ్రై డే. ఆ రోజు పోతే గుత్తులు చూసి రావడమే.

బిట్రగుంట_లోకో:
చూశారా? డిన్నర్ అని చెప్పి ధాబా. అందుకే నేను చెప్పేది, ట్రైన్.

కోట_రొయ్యలు:
ట్రైన్ బాబాయ్, మీరు మరీ. మాది రొయ్యల ఎగుమతి, 2022 నుంచి సీఫుడ్ ఎక్స్‌పో బార్సిలోనాలో పెడుతున్నారు, అంతకుముందు బ్రసెల్స్‌లో ఉండేది. అక్కడ ఒక సాయంత్రం కావా అనే బుడగల వైన్ సెల్లార్‌కి వెళ్ళాం. షాంపేన్ పద్ధతే, సీసాలోనే రెండోసారి పులుస్తుంది, కనీసం తొమ్మిది నెలలు నేలమాళిగలో పడుకోబెడతారు. గైడు లేకపోతే అది సీసాల గోడౌన్‌లా కనపడేది, అంతే. ఆమె టార్చిలైటు సీసా వెనక పెట్టి మడ్డి ఎట్టా పేరుకుందో చూపించాక తెలిసింది దేనికి డబ్బులిస్తున్నామో. మాతో వచ్చిన ఒకాయన తాగడు, ఆయనకి పులియని ద్రాక్షరసం పోశారు. మీరూ అడగండి. ఇబ్బంది ఎక్కడంటే భోజనం రాత్రి తొమ్మిదిన్నరకి గానీ రాలేదు. అప్పటిదాకా నంజుకోడానికి ఆలివ్ కాయలు.

ఇంకోటి, గూడూరు బ్రదర్, మన చేపల పులుసుకి ఏ వైన్ పోతుంది?

గూడూరు_జంక్షన్:
ఎర్ర వైన్ మాత్రం వద్దన్నా. అది చేపతో కలిస్తే నోట్లో ఇనుము చప్పరించినట్టు అవుతుంది. కారానికి మంట ఇంకా పెరుగుతుంది. చింతపండు పులుపు ముందు తక్కువ పులుపున్న వైన్ నీళ్ళలా తేలిపోతుంది. కొద్దిగా తీపి ఉండి, పులుపు బాగా ఉన్న తెల్ల రకం చల్లగా ఉంటే పరవాలేదు. మన దేశంలో చేసే షెనాన్ బ్లాంక్‌లో అలాంటివి దొరుకుతాయి.

కందుకూరు_కబుర్లు:
మామిడికాయ ముక్కలేసిన పులుసులో వేడి అన్నం కలుపుకునేవాడికి ఇవన్నీ ఎందుకన్నా? మజ్జిగ చాలదా?

గూడూరు_జంక్షన్:
చాలు. కోటన్న అడిగాడని చెప్పాను.

చీమకుర్తి_గెలాక్సీ:
అమ్మా, సీసాలు తెచ్చుకుందామనుకుంటే చెక్-ఇన్ సామానులో, బట్టల మధ్య పెట్టండి. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. ఎయిర్‌పోర్టులో కొంటే సీలు వేసిన కవరు చెన్నై దాకా విప్పొద్దు, విప్పితే మధ్యలో విమానం మారేచోట లాగేసుకుంటారు.

రంగనాయకులపేట:
అందరికీ థాంక్స్. డాక్టర్ గారు ఏదన్నా తిన్నాకే, అది కూడా ఒక గ్లాసుకి మించకుండా అన్నారు, ఉమ్మే పాత్ర గురించి చెప్తే నవ్వారు. టూరు వాళ్ళకి మెయిల్ పెట్టాం. ఏడింటి బ్యాచ్ కాకుండా నాలుగింటిది ఉందన్నారు, పన్నెండు మందే ఉంటారట. మెనూ పంపారు, మీరన్న పోర్కెట్టా మొదటి వరసలోనే ఉంది! మా ఇద్దరికీ బ్రుస్కెట్టా, కాచొ ఎ పేపె, కూరగాయలు అని రాసిచ్చారు. జున్ను సంగతి నేను చూసీ చూడనట్టు వదిలేస్తున్నాను. తాగనివాళ్ళకి డబ్బు తగ్గించరట, అది మాత్రం నచ్చలేదు. తిరిగి టెర్మినీ దగ్గర దింపుతారు, మా హోటల్ అక్కడికి దగ్గరే. బుక్ చేసేశాం. బిట్రగుంట బాబాయ్ ఏమీ అనుకోవద్దు. చివరిగా ఒకటి, చీర కట్టుకోవచ్చా?

కావలి_టు_రోమా:
కట్టుకోవచ్చు గానీ తోటలో ఏటవాలు దారి, మట్టి పెళ్ళలు ఉంటాయి. డ్రెస్సు, బూట్లు అయితే సుఖం. ఊరు మూడొందల మీటర్ల ఎత్తున ఉంటుంది, సెల్లార్లో ఇంకా చలి, స్వెట్టర్ మర్చిపోవద్దు. మర్నాడు అక్టోబర్ మొదటి ఆదివారం అయ్యేట్టయితే పక్క ఊరు మరీనోలో ద్రాక్ష పండగ, ఫౌంటెన్‌లో నీళ్ళ బదులు వైన్ వదులుతారు. మీ గ్రూపు బస్సు ఎన్నింటికో కనుక్కోండి.

బిట్రగుంట_లోకో:
మరీనోకి కూడా టెర్మినీ నుంచి ట్రైన్ ఉంది.