వానాకాలంలో చెరువు నిండా ఉండాలా, ఖాళీగా ఉంచాలా?

మత్తడి: హైదరాబాద్ చెరువులన్నీ వానలకు ముందు ఎఫ్‌టీఎల్‌కు (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టానికి) మీటరు కిందికి దించాలి. పదెకరాల చెరువులో మీటరు ఖాళీ అంటే 40,000 ఘనపు మీటర్లు. పైన 100 హెక్టార్ల కాలనీల మీద 10 సెంటీమీటర్ల వాన పడి, అరవై శాతం పారినా 60,000. మూడింట రెండొంతులు చెరువే పట్టేస్తుంది. నిండుగా ఉంటే వచ్చినవి వచ్చినట్టే మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే అంచు) దూకి కింది బస్తీల్లోకి పోతాయి.

కాలనీవాసి: చెరువు దించితే మా బోర్ల సంగతేంటి? మీకు నల్లా నీళ్లు వస్తాయి కాబట్టి ఎన్నైనా చెప్తారు.

లెవల్‌మిషన్: "వచ్చినవి వచ్చినట్టే" అనేది తప్పు. మత్తడి మీద 30 సెంటీమీటర్లు పారాలంటే ముందు చెరువంతా అంత ఎత్తు లేవాలి. అక్కడే 12,000 ఘనపు మీటర్లు ఆగుతాయి.

మత్తడి: ఆగుతాయి, కట్టకున్న ఫ్రీబోర్డును (నీటిమట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలే ఎత్తును) తినేసి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు ఏమయ్యాయో చూశాం. కట్ట కింద ఊట తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. మట్టిరంగులో వస్తే లోపల కోత మొదలైందని అర్థం, ఆ రోజే నీళ్లు దించాలి.

లెవల్‌మిషన్: నేను ఫ్రీబోర్డు గురించి మాట్లాడలేదు, మీ లెక్క గురించి అన్నాను. సరే, దించేది ఎలా? ఆ మీటరు అడుగున 300 మిల్లీమీటర్ల పైపు ఉంటే ఖాళీ కావడానికి ఐదు రోజులు. 600 అయితే ముప్పై గంటలు. జులైలో రెండు వానల మధ్య ఐదు రోజుల ఎడం ఎవరిస్తారు? అదీ పైపు మూతి దగ్గర చెత్త ఆపే జాలీ శుభ్రంగా ఉంటేనే. గుర్రపుడెక్క, కవర్లు పట్టాయంటే అంతే. జాలీ నిలువుగా కాదు, ఏటవాలుగా బిగించాలి. చెత్త పైకి తేలుతుంది, కింద నీళ్లు పారుతుంటాయి. షట్టర్‌ను నెలకోసారి పూర్తిగా దించి ఎత్తాలి, స్క్రూ రాడ్‌కు గ్రీజు పెట్టాలి. లేకపోతే వాన రోజు కదలదు.

గట్టుమీద: నాలా కలిసే చోట పూడిక గుంట సగం నిండగానే తోడితే చెరువంతా తవ్వే పని ఉండదు.

కాలనీవాసి: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నింపే ఉంచుతున్నారుగా?

మత్తడి: 1908 మూసీ వరద తర్వాత ఆ రెండూ కట్టిందే వరద ఆపడానికి. తాగునీటికీ వాటినే వాడతారు కాబట్టి అక్కడా ఇదే పేచీ. అసలు సంగతి చెప్పండి, మీకు కావాల్సింది బోరా, బాల్కనీలోంచి నిండు చెరువా?

కాలనీవాసి: రెండూ. తప్పేంటి? చెరువు దిగితే బురద, కంపు భరించేది మేమే.

లెవల్‌మిషన్: ఆ కంపు మురుగుది. రోజుకు పది లక్షల లీటర్ల మురుగు కలిసినా మీ మీటరు ఖాళీ నలభై రోజుల్లో నిండిపోతుంది. ముందు దాన్ని పక్క కాలువలోకి మళ్లించాలి. తర్వాత షట్టర్ లేని తూము కన్ను (నీళ్లు బయటికి పారే రంధ్రం) ఒకటి స్థిరంగా పెట్టాలి. దాని కింది నీళ్లు బోర్లకు, పైది వరదకు. తెరిచి మూసేదే ఉండదు కాబట్టి తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నా పర్లేదు.

మత్తడి: ఒప్పుకుంటాను, కన్ను మీటరు కింద పెడితే.

కాలనీవాసి: అర మీటరు. అంతకు మించి ఒప్పుకోం.

గట్టుమీద: కింది బస్తీవాళ్లను ఎవరైనా అడిగారా?