డాలీ చిత్రంలో కల ఎంత, మెలకువ ఎంత?

అధివాస్తవిక (సర్రియలిస్ట్) చిత్రకళను కొంతకాలంగా ఇష్టంగా అధ్యయనం చేస్తున్న నన్ను ఒక సందేహం వదలడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరని మనవి. వివేకం అదుపు లేకుండా సాగే ఆలోచనే అధివాస్తవికత అని ఫ్రెంచ్ రచయిత ఆంద్రే బ్రెటన్ 1924లో నిర్వచించారు. చిత్రకారుడు ఆంద్రే మాసన్ చేతిని దాని దారిన వదిలి గీసిన రేఖాచిత్రాలు ఆ మాటకు చక్కగా ఒదుగుతాయి. కానీ స్పానిష్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1931లో వేసిన మెత్తని గడియారాల చిత్రం, సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్నా, అందులోని చీమలను, ఆయన బాగా ఎరిగిన, స్పెయిన్‌లోని కాటలోనియా తీరపు కొండలను ఎంతో ఓపికగా, స్పష్టంగా చూపిస్తుంది. అంతటి నైపుణ్యం పూర్తి మెలకువలోనే సాధ్యమని నా నమ్మకం. అలాంటప్పుడు ఉపచేతన (మనకు తెలియకుండా పనిచేసే మనసు) పాత్ర తొలుత మనసులో మెదిలిన దృశ్యంతోనే ముగుస్తుందా, లేక కుంచె పట్టిన తరువాత కూడా కొనసాగుతుందా? కొనసాగితే, దానిని చిత్రంలో ఎక్కడ, ఎలా గుర్తించాలి?